తీరిక వేళల అల్లిక



మాసి నెలలో తిరుత్తణి కొండ మీద బ్రహ్మోత్సవం జరుగుతుంది. ఆ ఉత్సవంలోనే వల్లీ కల్యాణం. కొర్రచేనుకు కావలి కాస్తున్న వల్లిని సుబ్రహ్మణ్యస్వామి చూడడం, ముసలివాడి వేషంలో దగ్గరకు చేరడం, ఏనుగు రూపంలో వచ్చిన అన్నగారు వినాయకుడి సాయంతో ఆమె మనసు గెలుచుకోవడం మనందరికీ తెలిసిన కథే. తమిళం మాట్లాడే ఇళ్ళలో అది వళ్ళి తిరుమణం. మన ఇళ్ళలో శ్రీవల్లీ కల్యాణం. పెద్దలు కుదిర్చిన పెళ్ళికి ముందు ఇద్దరి ఇష్టం ఉండాలని చెప్పే పండుగ మన కొండ మీద చాలాకాలంగా జరుగుతున్నదన్నమాట.

దాదాపు అవే రోజుల్లో మరో ప్రేమ పండుగ వస్తుంది. అది ఫిబ్రవరి 14, వాలెంటైన్స్ డే. 1990ల నుంచి మన పట్టణాల్లో దాని సందడి పెరిగింది. ఆ రోజులకు ఫ్యాన్సీ స్టోర్లలో ఎర్రని కార్డులు, బొమ్మలు, పూలు వేలాడతాయి. వాటి మధ్య అప్పుడప్పుడు చిన్న వస్తువు ఒకటి కనిపిస్తుంది. ఎర్ర నూలుతోనో ఊలుతోనో అల్లిన హృదయం బొమ్మ. తాళంచెవుల గుత్తికి తగిలించేది ఒకటి, పుస్తకంలో గుర్తుకు పెట్టుకునేది ఒకటి, గుమ్మానికి తోరణంగా కట్టేది ఒకటి. ఈ రోజు ఆ అల్లిక చరిత్రను, అందులో దాగిన ఒక లెక్కను మీ ముందు పెట్టాలని నా ప్రయత్నం.

ముందు మాటల తేడా చూద్దాం. రెండు పొడవాటి సూదులతో స్వెట్టరు అల్లడం నిట్టింగు. ఒకే ఒక కొక్కెం సూదితో దారాన్ని లాగుతూ అల్లేది క్రోషే. దాన్నే మనవాళ్ళు క్రోషియా అనీ, లేసు అల్లిక అనీ అంటారు. క్రోషే అన్న ఫ్రెంచి మాటకు చిన్న కొక్కెం అని అర్థం. ఒకప్పుడు మన ఇళ్ళలో రేడియో పెట్టె మీద, తర్వాత టీవీ మీద కప్పిన తెల్లని లేసు గుడ్డలు గుర్తున్నాయి కదా, అవి ఈ పనితనమే. తమిళంలో దీన్ని పిన్నల్ అంటారు. జడను కూడా పిన్నల్ అనే అంటారు. మన తెలుగులోనూ జడను అల్లుతాం, బుట్టను అల్లుతాం, పాటను కూడా అల్లుతాం. రెండు భాషలూ ఈ పనిని ఇంట్లో ఆడవాళ్ళ చేతుల దగ్గరే పెట్టుకున్నాయి.

చిన్న హృదయం ఎలా తయారవుతుందో చెబుతాను. మొదట దారంతో ఒక ఉచ్చు వేస్తారు. కొక్కెం సూదితో ఆ ఉచ్చులోంచి మూడు గొలుసు కుట్లు తీస్తారు. ఆ పైన ఉచ్చులోనే మూడు పొడవు కుట్లు, మూడు పొట్టి కుట్లు వేస్తారు. అడుగున కొన రావడానికి మధ్యలో ఒక్క పొడవు కుట్టు. తర్వాత అద్దంలో చూసినట్టుగా మళ్ళీ మూడు పొట్టివి, మూడు పొడవువి. చివర మూడు గొలుసులు వేసి, ఉచ్చు కొసను లాగి బిగిస్తే హృదయం ఆకారం వస్తుంది. పదమూడు కుట్లు, కొన్ని గొలుసులు, అంతే. మిగిలిన దారపు కొసలను కనబడకుండా లోపలికి తొయ్యాలి. అనుభవం ఉన్న చేతికి కొద్ది నిమిషాల పని.

ఇక్కడ ఒక విషయం గమనించండి. నిట్టింగుకు యంత్రాలున్నాయి. బనియన్లు, మేజోళ్ళు యంత్రాల మీదే అల్లుతున్నారు. లేసును పోలిన గుడ్డను నేసే యంత్రాలూ ఉన్నాయి. అసలైన క్రోషియా అల్లికను మాత్రం యంత్రం చేయలేకపోయింది. కొక్కెం ఏ కంతలో దూరాలో, దారాన్ని ఎంత వదులుగా లాగాలో చెయ్యే చూసుకోవాలి. కాబట్టి లండను అంగట్లోనైనా తిరువళ్ళూరు బజారులోనైనా నిజమైన క్రోషియా వస్తువు మీకు కనిపిస్తే, అది తప్పకుండా ఒక మనిషి చేతిలో పుట్టిందే. ఆ మనిషి దాదాపు ఎప్పుడూ ఒక స్త్రీయే.

మరి ప్రేమ పండుగకూ లేసుకూ ముడి ఎక్కడ పడింది? వాలెంటైన్ రోజున పక్షులు తమ జంటలను వెతుక్కుంటాయన్న భావన 14వ శతాబ్దం చివర ఛాసర్ అనే ఇంగ్లీషు కవి కావ్యంలో కనిపిస్తుంది. తర్వాత ఆ రోజున ప్రేమలేఖలు పంపుకోవడం ఇంగ్లండులో ఆచారమయింది. 1840లో అక్కడ ఒక్క పెన్నీ బిళ్ళతో దేశంలో ఎక్కడికైనా ఉత్తరం పంపే ఏర్పాటు వచ్చింది. దానితో ఈ లేఖల సంఖ్య విపరీతంగా పెరిగింది. కార్డుల అంచులకు లేసులాగా చిల్లులు పొడిచిన కాగితం అంటించడం మోజయింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, వూస్టర్ పట్టణంలో ఎస్తర్ హౌలాండ్ అనే యువతి ఇంగ్లండు నుంచి లేసు కాగితం తెప్పించి, 1840ల చివరలో ఇలాంటి కార్డుల వ్యాపారం మొదలుపెట్టింది. స్త్రీలను వరుసగా కూర్చోబెట్టి, ఒకరికి కత్తిరించే పని, ఒకరికి అంటించే పని పంచింది. ప్రేమ కానుక అప్పటికే ఒక చిన్న పరిశ్రమ అయిందన్నమాట.

సరిగ్గా అదే కాలంలో ఐర్లండులో బంగాళదుంప పంటకు తెగులు సోకింది. 1845లో మొదలైన ఆ కరువులో లక్షల మంది చనిపోయారు, లక్షల మంది దేశం విడిచిపోయారు. కార్క్ ప్రాంతంలో క్రైస్తవ సన్యాసినులు పేద బాలికలకు క్రోషియా నేర్పారు. కొక్కెం సూది, దారం ఉంటే చాలు, పెట్టుబడి అక్కరలేదు. ఒక ఇంట్లో పువ్వులు అల్లేవారు, ఇంకో ఇంట్లో ఆకులు అల్లేవారు, మరొకరు వాటిని అతికేవారు. ఆ లేసు లండను, పారిస్ నగరాల సంపన్నుల దుస్తులకు చేరింది. అల్లినవాళ్ళ ఇంట్లో పొయ్యి వెలిగింది. ఆకలి తీర్చిన పని అది.

ఇక మన దేశానికి వద్దాం. మనం సరిహద్దు మనుషులం. తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉంది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. చెంగల్పట్టు జిల్లాలో కలిసి, 1997లో తిరువళ్ళూరు జిల్లాలోకి వచ్చింది. అందువల్ల రెండు వైపుల చరిత్రా మనకు సొంతమే. లేసు చరిత్రలో కూడా దక్షిణాన ఒక కథ, ఉత్తరాన ఒక కథ ఉన్నాయి.

దక్షిణాన కథ నాగర్‌కోయిల్‌లో మొదలవుతుంది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన చార్లెస్ మాల్ట్, మార్తా మాల్ట్ దంపతులు 1819లో అక్కడికి వచ్చారు. మిషనరీల బడిలో బాలికలకు చదువుతో పాటు లేసు పని నేర్పారు. అది దిండు మీద గుండుసూదులు గుచ్చి, చిన్న కండెలతో దారాలను పెనవేసే లేసు. అప్పటికి తిరువాన్కూరు సంస్థానంలో బానిసత్వం ఉంది. లేసు అమ్మిన డబ్బుతో తమ విడుదలను తామే కొనుక్కున్న బాలికలు ఆ బడిలో ఉన్నారు. మాల్ట్ దంపతుల కూతురు ఎలైజా 1844లో రాబర్ట్ కాల్డ్‌వెల్‌ను పెళ్ళాడి, తిరునెల్వేలి ప్రాంతంలోని ఇడైయన్‌గుడికి వెళ్ళింది. అక్కడ కూడా బాలికలకు లేసు నేర్పింది. ఆమె భర్త 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం ప్రచురించాడు. తమిళం, తెలుగు ఒకే కుటుంబానికి చెందిన భాషలని వివరంగా నిరూపించిన పుస్తకం అది. భర్త పుస్తకం పేరు పాఠాల్లో చదువుకుంటాం. భార్య నేర్పిన అల్లిక పాఠాల్లోకి రాలేదు.

ఉత్తరాన కథ గోదావరి ఒడ్డున నరసాపురంలో. యూరపు వర్తకులకు ఆ ఊరు కొత్త కాదు. పక్కనే ఉన్న మాధవాయపాలెంలో 17వ శతాబ్దంలోనే ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఉండేది. అక్కడి నేత బట్టకు ఆ ఊరి పేరే మడపోలం అని మారి యూరపంతా పాకింది. క్రోషియా లేసును మాత్రం 1844లో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు గోదావరి ప్రాంత స్త్రీలకు నేర్పారని అక్కడ చెప్పుకుంటారు. గమనించారా, ఇడైయన్‌గుడి కథలోనూ ఇదే సంవత్సరం. మొదట క్రైస్తవ మతం తీసుకున్న పేద కుటుంబాల స్త్రీలు నేర్చుకున్నారు. క్రమంగా అది చుట్టుపక్కల ఊళ్ళకు, ఇతర కులాల ఇళ్ళకు పాకింది.

ఆ పాకడం వెనుక ఒక కారణం ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువల కింద వరి పండి రైతు కుటుంబాలకు కలిమి వచ్చింది. కలిమి వచ్చిన ఇంట్లో ఆడవాళ్ళు పొలం పనికి వెళ్ళడం పరువు తక్కువ అనుకోవడం మొదలయింది. గడప దాటని స్త్రీకి గడప లోపల చేసే పని కావాలి. లేసు దానికి సరిపోయింది. తలుపు వేసుకుని అల్లుకోవచ్చు. చూసేవాళ్ళకు అది పనిలా కనిపించదు. 1899 నాటి కరువునూ, 1929 నాటి ఆర్థిక మాంద్యాన్నీ తట్టుకుని నరసాపురం లేసు నిలిచింది. యూరపు, అమెరికా దేశాల బల్లల మీదికి, కిటికీల మీదికి, పండుగల అలంకారాల్లోకి వెళ్ళింది.

అల్లినవారికి ఏం దక్కింది? ఈ ప్రశ్న వేసిన మనిషి జర్మనీ నుంచి వచ్చింది. మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1978, 79 సంవత్సరాల్లో నరసాపురం ప్రాంతంలో ఇల్లిల్లూ తిరిగి పరిశీలించింది. 1982లో నరసాపురం లేసు కార్మికుల మీద ఆమె పుస్తకం వెలువడింది. ఆ ప్రాంతంలో లేసు అల్లే స్త్రీలు లక్షమందికి పైగా ఉంటారని ఆమె అంచనా. ఎగుమతి వ్యాపారి దారం ఏజెంటుకు ఇస్తాడు. ఏజెంటు ఇంటింటికీ పంచుతాడు. ఒక స్త్రీ పువ్వులు మాత్రమే అల్లుతుంది. వేరొకరు అతుకుపని చేస్తారు. తన పువ్వు ఏ వస్తువులో చేరిందో, ఏ దేశం వెళ్ళిందో, ఎంతకు అమ్ముడయిందో అల్లినామెకు తెలియదు. ఏజెంట్లు, వ్యాపారులు ఎక్కువగా మగవాళ్ళే. లాభం అటువైపు చేరింది.

ఆ పుస్తకంలో అన్నింటికంటే ముఖ్యమైన మాట ఇది. ఆ స్త్రీలు ఇంటి పని, వంట పని కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు మీద కూర్చునేవారు. అయినా వ్యాపారులు, అధికారులు, ఇంటి మగవాళ్ళు ఆ పనిని తీరిక వేళల కాలక్షేపం అనే చెప్పేవారు. ఊరికే కూర్చునే బదులు ఏదో అల్లుకుంటున్నారు అన్నది అందరి నోటా ఉన్న మాట. ఆ ఒక్క మాటతో కూలి పడిపోయింది. కార్మికురాలు అంటే కనీస వేతనం అడగాలి. గృహిణి తీరిగ్గా అల్లుకుంది అంటే ఎంత చేతిలో పెడితే అంత. కూలి తక్కువ కావడానికి అల్లినామె చేతకానితనం కారణం కాదు. ఆమె పనికి పెట్టిన పేరే కారణమని మీస్ చెప్పింది.

ఈ మాట మన ఊళ్ళకు దూరమనుకోకండి. పొదటూరుపేట, పళ్ళిపట్టు, అమ్మయ్యార్‌కుప్పం వైపు మగ్గాల చప్పుడు మనకు తెలుసు. మగ్గం ఎవరిది అని అడిగితే ఇంటాయన పేరు చెబుతారు. నూలు చుట్టినది, కండెలు నింపినది ఎవరు అంటే, ఇంట్లో ఆడవాళ్ళు సాయం చేస్తారు అంటారు. 2019-20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణనలో దేశంలో 35 లక్షలకు పైగా చేనేత కార్మికులు తేలారు. వారిలో నూటికి డెబ్బై మందికి పైగా స్త్రీలే. సాయం అనే మాట కింద ఎంత పని దాగి ఉన్నదో ఆ లెక్క చెబుతున్నది. కొర్రచేనుకు కావలి కాసిన వల్లిది కూడా పనే కదా. ఆమెను తీరిగ్గా మంచె మీద కూర్చున్న పిల్ల అని ఎవరూ అనలేదు.

ఇప్పుడు బడిపంతులు అలవాటు ప్రకారం మీకొక లెక్క ఇస్తాను. ఇది ఉదాహరణకు వేసిన లెక్క. కాగితం, పెన్సిలు తీసుకోండి. ఫిబ్రవరి 14 కోసం ఒక దుకాణదారు మీ ఇంట్లో అక్కకో చెల్లెలికో 500 హృదయాలు అల్లమని చెప్పాడనుకుందాం. ఒక్కొక్కదానికి రెండు రూపాయలు ఇస్తానన్నాడు. మొత్తం వెయ్యి రూపాయలు. వినడానికి బాగానే ఉంది. దారానికి 150 రూపాయలు ఖర్చయింది. మిగిలింది 850. కొసలు తొయ్యడంతో కలిపి ఒక్కొక్కదానికి ఆరు నిమిషాలు పట్టింది. గంటకు పది. 500 హృదయాలకు 50 గంటలు. 850 రూపాయలను 50 గంటలతో భాగిస్తే గంటకు 17 రూపాయలు. ఎనిమిది గంటల రోజుకు 136 రూపాయలు.

దీన్ని దేనితో పోల్చాలి? మన ఊళ్ళలో నూరు నాళ్ వేలై అని పిలుచుకున్న ఉపాధి హామీ పనికి 2025-26లో తమిళనాడులో రోజు కూలి 336 రూపాయలు. పార పట్టిన చేతికి 336, సూది పట్టిన చేతికి 136. ఆ 336 రావాలంటే ఒక్కొక్క హృదయానికి ఎంత అడగాలి? రోజుకు ఎనభై హృదయాలు. 336ను 80తో భాగిస్తే నాలుగు రూపాయల ఇరవై పైసలు. దారం ఖర్చు ఒక్కొక్కదానికి ముప్పై పైసలు. మొత్తం నాలుగున్నర రూపాయలు. అంతకు తక్కువ పలికితే, తేడా ఎక్కడి నుంచి వస్తున్నదో ఇప్పుడు మీకు తెలుసు. అది అల్లినామె గంటల్లోంచి వస్తున్నది.

ఈ గంటలను లోకం మెల్లమెల్లగా గుర్తిస్తున్నది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి వద్ద పని చేసేవారి కోసం ప్రత్యేకంగా ఒక ఒడంబడికను ఆమోదించింది. మన దేశంలో 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఇంటి దగ్గర పని చేసే కార్మికులు ఎవరో నిర్వచించింది. నరసాపురం పక్కన సీతారాంపురంలో లేసు వ్యాపార కేంద్రం ఏర్పడింది. స్త్రీల సంఘాలు సొంతంగా ఆర్డర్లు తీసుకునే ప్రయత్నం చేశాయి. చైనా నుంచి వచ్చే చవక లేసు పోటీని కూడా ఆ ఊళ్ళు ఎదుర్కొన్నాయి. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు ఇచ్చే కార్యాలయం ఉన్నది మన చెన్నైలోనే. గోదావరి ఒడ్డున స్త్రీలు అల్లిన లేసు పేరు చెన్నైలో నమోదయిందంటే మనకూ కొంచెం సంతోషమే కదా. ఆ గుర్తింపుతో వేరే చోట తయారైన సరుకును నరసాపురం లేసు పేరుతో అమ్మడానికి వీలులేదు. పేరుకు రక్షణ వచ్చింది. కూలికి రక్షణ మాత్రం బేరం దగ్గరే రావాలి.

ఇదంతా విని అల్లిక మానుకోమని నేను చెప్పడం లేదు. ఆకలి రోజుల్లో ఐర్లండు బాలికకు అన్నం పెట్టింది ఈ పనే. నాగర్‌కోయిల్ బాలికకు విడుదల ఇచ్చిందీ దారం పనే. మనసుకు నచ్చినవారికి చేత్తో అల్లి ఇచ్చే కానుకకు వెల కట్టనక్కరలేదు. భర్తకో, స్నేహితురాలికో, బడిలో టీచరుకో ఒక ఎర్ర హృదయం అల్లి ఇవ్వండి, లెక్కలు వేయకండి. అమ్మకానికి అల్లేటప్పుడు మాత్రం లెక్క వేయండి. కానుకకూ సరుకుకూ తేడా అక్కడే ఉంది.

అక్కచెల్లెళ్ళకు చివరగా ఒక చిన్న మనవి. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. అల్లడానికి కూర్చున్న వేళ, లేచిన వేళ రాయండి. దారం వెల రాయండి. నెల తిరిగాక ఇంట్లో అందరి ముందూ కూడండి. ఇంటి మగవాళ్ళు, పిల్లలు ఆ కూడికలో సాయపడండి. ఏజెంటు వచ్చి, ఏమమ్మా, ఊరికే కూర్చునే బదులు అల్లిందే కదా అంటే, ఆ పుస్తకం ఆయన ముందు తెరిచి పెట్టండి. బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి.